కారులోని రేడియో మూగవోయినప్పుడు

తుఫాను వచ్చునని తెలిసిన దినమున తీరప్రాంతపు గృహస్థులు చేసికొను జాగ్రత్తలలో ఒకటి కలదు. వాననీరు వాకిటిని ముంచునను భయమున్నచోట కారును మెరకకు తోలి, దాని బ్యాటరీ తీగను విప్పి యుంచుదురు. ఇది మంచి పనియే. నీరు చొరబడినను తీగలలో నిప్పు పుట్టకుండును. గాలివాన వెలిసిన పిమ్మట చూతుము గదా, ఇంటిలో దీపము వెలుగదు. చేతిలోని ఫోను పలుకదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణముపై విరుచుకుపడినప్పుడు విద్యుత్తును, సెల్‌ఫోన్లును ఒక్కమారుగా స్తంభించిన సంగతిని ఆ ప్రాంతమువారు మరచియుండరు. అట్టి వేళ ఇంటివారికి లోకముతో మిగిలిన సంబంధము బ్యాటరీపై నడచు రేడియో యొక్కటియే. కారులో నొకటి యున్నది గదా యని తీగను మరల తగిలించి, తాళపుచెవి త్రిప్పి, మీట నొక్కుదురు. తెరపై "కోడ్" అను మాట వెలుగును. కొన్ని సెట్లలో "సేఫ్" అని వెలుగును. వార్త లేదు, పాట లేదు.

ఇది చూచి రేడియో చెడిపోయినదని తలచువారు పెక్కురు. రేడియో చెడలేదు. అది దొంగ చేతిలో పడితినని యనుమానించుచున్నది. ఆ యనుమానము ఎందులకు పుట్టినది, దానిని ఎట్లు తీర్చవలెను, తీర్చబోయి మనమే దానిని ఎట్లు ముదిరింతుము అను సంగతులను ఇచట వివరింతుము.

కారు రేడియోకు బ్యాటరీనుండి విద్యుత్తు రెండు త్రోవల వచ్చును. ఒక తీగలో తాళపుచెవి త్రిప్పినప్పుడు మాత్రమే ప్రవాహముండును. రేడియో దానివలన మేలుకొనును. రెండవ తీగలో కారు షెడ్డులో నిలిచియున్నను రేయింబవళ్ళు కొలది ప్రవాహము నడచుచుండును. బజారులో విడిగా కొను సెట్లకు మొదటిది ఎర్రతీగ, రెండవది పసుపుతీగ యగుట వాడుక. పాత సెట్లలో గడియారము నడచుటయు, మనము మీటలకు అప్పగించిన స్టేషన్లు నిలిచియుండుటయు ఈ పసుపుతీగ చలువయే. (క్రొత్త సెట్టును బిగించిన తరువాత కారు ఆపినప్పుడెల్ల స్టేషన్లు చెరిగిపోవుచున్నచో, బిగించినవాడు ఈ రెండు తీగలను తారుమారు చేసినాడేమో చూడవలెను. పలుమారు కారణము ఇదియే.)

తాళమున్న సెట్టులో వీనికి తోడు మరియొక స్మృతి కలదు. విద్యుత్తు బొత్తిగా లేకున్నను మరువని చిన్న చిప్పు అది. కర్మాగారములో దానిలో నొక సంకేత సంఖ్యను వ్రాసియుంతురు. సాధారణముగా నాలుగంకెలు, హోండా కార్లలో అయిదంకెలు. పసుపుతీగలోని ప్రవాహము తెగి మరల వచ్చినంతనే సెట్టు ఇట్లు తర్కించును: "నన్నెవరో నా చోటినుండి పెరికినారు. ఇప్పుడు మరియొకచోట తగిలించినారు. తగిలించినవాడు యజమానియైనచో సంఖ్య చెప్పగలడు." దొంగ పెరికినను, మెకానిక్కు బ్యాటరీ మార్చినను, ఫ్యూజు కాలిపోయినను, తలుపు సరిగా మూయక రాత్రియంతయు లోపలి దీపము వెలిగి బ్యాటరీ అడుగంటినను దానికి ఒక్కటే. ప్రవాహము తెగుట తప్ప మరి యే సాక్ష్యమును అది యెరుగదు.

ఇంత యనుమానము రేడియోకు మొదట లేదు. అమెరికాలో చికాగోనగరమునకు చెందిన గాల్విన్ సంస్థవారు 1930లో కారు రేడియోను విక్రయమునకు తెచ్చి, కదలుబండిని స్ఫురింపజేయు "మోటరోలా" అను పేరు పెట్టినారు. ఆనాటి సెట్టును దొంగిలించుట యన్నచో ఒక పూట పని. వాల్వులు గల పెట్టె ఒకచోట, స్పీకరు మరియొకచోట, త్రిప్పుడుమీట స్టీరింగు కడ్డీపై నుండెడివి. ఐరోపాలో బ్లావుపుంక్ట్ వారి మొదటి కారు రేడియో 1932లో వచ్చినది. దానిదియు పెద్ద పెట్టెయే. 1955లో ఫిల్కో, క్రైస్లర్ సంస్థలు వాల్వులు లేని, కేవలము ట్రాన్సిస్టర్లతో నడచు కారు రేడియోను ప్రకటించినవి. అటుపై సెట్టు చిన్నదయ్యెను, తేలికయ్యెను, చల్లనయ్యెను. దొంగకు చంకన బెట్టుకొన వీలయ్యెను.

అసలు ముప్పు తెచ్చినది మంచి యుద్దేశముతో చేసిన మరియొక పని. ఏ సంస్థవారి రేడియోయైనను ఏ కారులోనైనను అమరవలెనని జర్మనీవారు డ్యాష్‌బోర్డులోని రంధ్రమునకు ఒక ప్రమాణము నిర్ణయించినారు: వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు. లోకమంతయు దానిని స్వీకరించెను. ఒక కారునుండి తీసిన సెట్టు మరి యే కారులోనైనను కూర్చుండుట వలన దొంగసొత్తుకు గిరాకీ యేర్పడినది. 1980లలో న్యూయార్కు వీధులలో కారు అద్దమునకు "ఇందు రేడియో లేదు" అని యట్టముక్కపై వ్రాసి తగిలించుకొనుట పరిపాటి యయ్యెను. అద్దము పగులగొట్టిన తరువాత లేదని తెలిసికొనుటకంటె ముందే తెలిసికొనుమని దొంగను వేడుకొనుట యన్నమాట. ఐరోపాలో కొందరు పిడిగల రేడియోను సొరుగువలె బయటికి లాగి, కాఫీహోటలుకును కచేరికిని చేతబట్టుకొని పోయెడివారు. ముందరి పలకను మాత్రము ఊడదీసి జేబులో వేసికొను సెట్లు పిమ్మట వచ్చినవి. యజమాని యేదియు మోయనక్కరలేని యుపాయము సంకేత సంఖ్య.

ఈ తాళము దొంగతనమును ఆపదు. దొంగిలించిన వస్తువును పనికిమాలినదిగా చేయును, అంతియే. అందుచేత ఆ సంగతి దొంగకు ముందుగా తెలియుట యవసరము. తాళపుచెవి తీసిన పిమ్మట సెట్టు ముఖముపై మినుకుమినుకుమను ఎర్రని చుక్కయు, కిటికీ యద్దముపై అంటించు హెచ్చరిక చీటియు ఇందులకే. అలంకారమని తలచి ఆ చీటిని గీకివేయువారు తాళములో సగమును తీసివేయుచున్నారు.

ఇక మనపని. సంఖ్య యెచట దొరకును? కారుతో ఇచ్చిన పుస్తకముల సంచిలో చిన్న యట్టగా నుండవచ్చును; పుస్తకము మొదటి పుటపై చీటిగా నంటించియుండవచ్చును; ముందరి సొరుగు లోపలి గోడపై నుండవచ్చును. అట్టపై రెండు సంఖ్యలుండుట కద్దు. పొడవైనది సెట్టుయొక్క క్రమసంఖ్య. పొట్టిది సంకేత సంఖ్య. తొందరలో మొదటిదానిలోని తొలి నాలుగంకెలను నొక్కి, తప్పని చెప్పించుకొన్నవారిని మేమెరుగుదుము.

అంకెలు నొక్కు పద్ధతి సెట్టును బట్టి మారును. పాతవానిలో చాలవరకు 1వ మీట మొదటి స్థానమును, 2వది రెండవ స్థానమును, అట్లే నాలుగవవరకు మార్చును. సంఖ్య 3052 అనుకొందము. 1వ మీటను తెరపై మొదటి చోట 3 కనబడువరకు, 2వ మీటను 0 కనబడువరకు, 3వ మీటను 5 కనబడువరకు, 4వ మీటను 2 కనబడువరకు నొక్కవలెను. ఎన్నిమారులు నొక్కితిమని లెక్కించుకొనరాదు. కొన్ని సెట్లు సున్నతో, కొన్ని గీతతో, కొన్ని ఒకటితో మొదలిడును. కన్ను తెరపై నుండవలెను. నాలుగును సరిగా నిలిచిన తరువాత నిర్ధారణకై నొక్కు మీట వేరుగా నుండును. ఏది యన్నది పుస్తకము చూచియే తెలిసికొనవలెను. ఏలయన తప్పు సంఖ్యను నిర్ధారించువరకు అది తప్పుగా లెక్కకు రాదు. ఆ కడపటి మీటను నొక్కుటకు ముందు ఒక్కమారు ఆగి అంకెలను పైకి చదువుకొనుట మేలు.

ఊహించి చూతమను బుద్ధి ఇచటనే పుట్టును. నాలుగంకెలే గదా! 0000 మొదలు 9999 వరకు సంఖ్యలు పదివేలు. వీనిని వరుసగా నొక్కుచుపోయిన ఎప్పటికైనను దొరకవలసినదే. తయారు చేసినవారు ఈ యాలోచనను ముందే చేసియున్నారు. కొన్ని సెట్లు రెండు తప్పులకు ఒక గంట మౌనము వహించును. గంటకు రెండు సంఖ్యల చొప్పున పదివేల సంఖ్యలకు 5,000 గంటలు పట్టును. అనగా రేయింబవళ్ళు నిదుర లేక కూర్చున్నను 208 దినములు. మరికొన్ని ప్రతి తప్పునకును నిరీక్షణకాలమును రెట్టింపు చేయును: మొదట నిమిషము, పిమ్మట రెండు, నాలుగు, ఎనిమిది. చదరంగపు గళ్ళలో ధాన్యపుగింజలు పెట్టిన కథ మన పిల్లలందరెరిగినదే. అదే లెక్క ఇచటను. పదవ తప్పునకు 512 నిమిషములు, అనగా ఎనిమిదిన్నర గంటలు. రెట్టింపు ఎడతెగక సాగినచో ఇరువదవ తప్పునకు 5,24,288 నిమిషములు; ఒక సంవత్సరమునకు ఒక్క దినము తక్కువ. కొన్ని సెట్లు ఇంత దూరము పోక ఒక మేరవద్ద ఆగును. కొన్ని యింతకంటె కఠినములు: పది తప్పులైన పిమ్మట శాశ్వతముగా మూతపడును. అప్పుడు సరియైన సంఖ్యను చెప్పినను వినవు. తెరచుటకు పనిముట్లున్న నిపుణునివద్దకు పంపవలసినదే.

మా యింటి కారుకు ఒకప్పుడు బ్యాటరీ మార్పించితిమి. మార్చిన కుర్రవాడు తెరపై "కోడ్" అని చూచి, సాయము చేయుదమని 1234 అని, 0000 అని, తనకు తోచిన మరి రెండు సంఖ్యలను నొక్కినాడు. మేము చూచుచు నూరకుంటిమి. ఇంటికి వచ్చి బీరువాలో వెదకి అట్టను సంపాదించి అసలు సంఖ్య నొక్కగా తెరపై "వెయిట్" అని వచ్చినది. అట్టయే తప్పేమో యని శంకించితిమి. పది నిమిషముల కొకమారు సెట్టును ఆపి, మరల వేసి చూచుచు ఆ సాయంకాలమంతయు గడపితిమి. అదియే మా పొరపాటని పిమ్మట తెలిసినది. అనేక సెట్లలో నిరీక్షణకాలము రేడియో వెలుగుచున్నంతసేపే లెక్కకు వచ్చును. ఆపినచో లెక్క మరల మొదటికి పోవును. మేము ఓపిక లేక పదేపదే ఆ గంటను మొదటినుండి ప్రారంభించుచుంటిమి. మరునాటి యుదయమున సెట్టును వెలుగనిచ్చి, దాని జోలికి పోక, గంట దాటిన తరువాత అట్టపైనున్న సంఖ్యనే నొక్కగా రేడియో పలికెను. అట్లు వెలుగనిచ్చుకాలములో ఇంజను ఆగియున్నచో బ్యాటరీ క్షీణించుచుండునని మరువరాదు. హెడ్‌లైట్లు, ఫ్యాను ఆర్పియుంచవలెను. ఇంజను నడుపదలచినచో కారు ఆరుబయట నుండవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడుపుట ప్రాణాపాయము.

అట్ట లేనివారి సంగతి యేమి? పాతకారు కొన్నవారిలో ఎక్కువమంది యిట్టివారే. కారు రిజిస్ట్రేషను కాగితము, బీమా కాగితము, రెండవ తాళపుచెవి అడిగి పుచ్చుకొందురు గాని రేడియో సంఖ్య నడుగువారు అరుదు. అమ్మినవాడు ఊరు మారిపోవును. సంఖ్య పోయినవారు మొదట సెట్టుయొక్క క్రమసంఖ్యను తెలిసికొనవలెను. కొన్ని హోండా, ఫోర్డు సెట్లలో 1, 6 మీటలను కలిపి నొక్కి పట్టు పద్ధతివలన అది తెరపైననే కనబడును. తక్కినవానిలో సెట్టు పైభాగముననో ప్రక్కననో అంటించిన చీటిపై నుండును. దానికై సెట్టును బయటికి తీయవలెను. పాత సెట్ల యిరుప్రక్కల కనబడు సన్నని రంధ్రములు ఇందులకే. గుర్రపులాడమువలె వంగిన ఉక్కుకమ్మీలను వానిలో దూర్చి సమముగా లాగినచో సెట్టు సొరుగువలె వచ్చును. స్క్రూడ్రైవరుతో పెకలించినవారు రేడియోను దక్కించుకొన్నను డ్యాష్‌బోర్డును పోగొట్టుకొందురు. క్రమసంఖ్యను, కారు యాజమాన్యపు కాగితములను తీసికొనిపోయినచో ఆ కారు సంస్థకు చెందిన అధీకృత విక్రేత సంకేత సంఖ్యను సంపాదించి యిచ్చుట సామాన్యముగా జరుగు పని.

కొన్ని సంస్థల సెట్లలో క్రమసంఖ్యనుండి సంకేత సంఖ్యను గణితముచే రాబట్టవచ్చును. ఆ సూత్రము బయటపడినది. కావుననే బజారులో కొలది రుసుమునకు సంఖ్య చెప్పువారు బయలుదేరినారు. వారు చెప్పునది సరియైనను కావచ్చును, కాకపోయినను కావచ్చును. తప్పైనచో మన లెక్కలోనుండి ఒక యవకాశము తగ్గును. యాజమాన్యపు కాగితమడుగక సంఖ్య చెప్పువాడు నిన్న మరియొకనికి కూడ అడుగకయే చెప్పియుండును. దొంగకు సులువుగా దొరకునట్టి సంఖ్య అట్ట పోగొట్టుకొన్న యజమానిని మాత్రము దినములకొలది తిప్పుచుండుట ఈ తాళమునందలి పెద్ద లోపమని మా యభిప్రాయము.

తాళముతో సంబంధము లేని చిక్కు మరియొకటి కలదు. సెట్టు వెలుగుచునే యుండును. మీటలు నొక్కినను కదలదు, మెదలదు. ఇది గణనయంత్రము తడబడుట వంటిది. విడిగా కొన్న సెట్లలో ముందరి పలకపైననో, పలక ఊడదీసినచో లోపలనో సూదిబెజ్జము వంటి రంధ్రముండును. దానిలో సన్నని కమ్మీకొనను గ్రుచ్చి మెల్లగా నొక్కినచో సెట్టు మొదటి స్థితికి వచ్చును. రంధ్రము లేనివానిలో పెక్కింటికి వెలిగించు మీటను కొన్ని సెకండ్లపాటు నొక్కి పట్టుట మందు. దీనికై బ్యాటరీ తీగను విప్పుమని సలహా యిచ్చువారు కలరు. తాళమున్న సెట్టుకు ఇది తగదు. చిన్న చిక్కును తీర్చబోయి పెద్ద చిక్కును తెచ్చుకొన్నట్లగును.

బ్యాటరీ మార్పించునప్పుడు రేడియోకు ప్రవాహము తెగకుండ మరియొక చిన్న బ్యాటరీని తాత్కాలికముగా తగిలించు నుపాయము కలదు. సిగరెట్టు లైటరు రంధ్రముగుండా దీనిని తగిలించు పరికరములు దొరకును. అయితే తాళపుచెవి తీసినంతనే ఆ రంధ్రములో ప్రవాహము ఆగిపోవు కార్లలో ఇది పనిచేయదు. పనిచేయు కార్లలో విప్పిన తీగలలోను ప్రవాహముండునుగాన, ధనధ్రువపు కొన యినుమునకు తగులకుండ గుడ్డ చుట్టవలెను. మా మట్టుకు మేము సంఖ్యను దగ్గర నుంచుకొని, ముందు ఋణధ్రువపు తీగను, పిమ్మట ధనధ్రువపు తీగను విప్పించుటయే సుకరమని యెంచుచున్నాము. ఆ సంఖ్యను కారులో నుంచరాదు. దొంగకు తాళముతోబాటు చెవిని అప్పగించినట్లగును. ఇంటిలో, గ్యాసు పుస్తకము, బ్యాంకు పుస్తకము ఉండుచోట వ్రాసియుంచి, ఇల్లాలికిని పిల్లలకును చెప్పియుంచవలెను. తుఫాను నాడు యజమాని ఊరిలో నుండకపోవచ్చును.

ఇటీవలి కార్లలో అనేకమునకు ఈ సంఖ్యతో పని లేదు. రేడియోయు కారును ఒకదానినొకటి లోలోపలనే గుర్తుపట్టును. బ్యాటరీ మార్చినను పలుకును. కాని అదే సెట్టును అదే జాతి మరియొక కారులో పెట్టినచో, అధీకృత కర్మశాలవారు రెండింటికి పరిచయము చేయువరకు నోరు మెదపనివి కలవు. విద్యుత్తుతో నడచు కార్లు కొన్నింటిలో మోటారు పుట్టించు రొదవలన మధ్యతరంగములనే తొలగించినారు. మధ్యతరంగము రాత్రివేళ దూరదేశమునకు ప్రాకునది; దగ్గరి కేంద్రము తుఫానువలన మూగవోయినను మరియొకటి వినవచ్చు వీలు దానివలననే కలదు. కారు కొనువారు ఈ సంగతి నడిగి తెలిసికొనుట మంచిది.

సంఖ్య అంగీకరించిన తరువాత రేడియో గరగర మ్రోగును. మీటలకు అప్పగించిన స్టేషన్లు చెరిగియుండును. వానిని మరల పట్టి, ప్రతిదానివద్దను మీటను రెండు మూడు సెకండ్లు నొక్కి యుంచినచో నిలుచును. పరదేశమునుండి వచ్చిన సెట్లలో ఇచట ఒక చిత్రము జరుగును. మన దేశమున మధ్యతరంగ కేంద్రములు 9 కిలోహెర్ట్‌జ్‌ల యంతరమున నుండును. అమెరికాలో 10 చొప్పున. చిరకాలముగా విజయవాడ వినబడిన 837, హైదరాబాదు వినబడిన 738 రెండును తొమ్మిదిచే భాగింపబడును, పదిచే భాగింపబడవు. పదేసి చొప్పున దుముకు సెట్టు 830నుండి 840కి దాటిపోవును. విజయవాడ వినబడినను అస్పష్టముగా వినబడును. ఏరియల్‌ను అనుమానించుటకు ముందు సెట్టులోని ప్రాంతపు ఎంపికను అమెరికానుండి ఆసియాకో ఐరోపాకో మార్చవలెను. మార్చిన పిమ్మట వెదకు మీటను నొక్కినచో అంకెలు 828, 837 అని తొమ్మిదేసి చొప్పున కదలును.